కరువునాటి నమ్మిక



ఈ సాయంకాలము నేను మీ యెదుట ఉంచదలచిన మాట చిన్నది. అందలి చిక్కు పెద్దది. వానలు సకాలమున కురిసి, కళ్లములో రాశి పడి, ఇంట పిల్లాజెల్ల సుఖముగా నున్నప్పుడు "దేవుడు మమ్ము చల్లగా చూచెను" అని మన ఊళ్లలో అందురు. హిందువు అనును, మహమ్మదీయుడు అనును, క్రైస్తవుడును అనును. కాని అదే ఇంట కాడి యెద్దు చచ్చి, పైరు ఎండి, చేతికి అందివచ్చిన బిడ్డ జ్వరము తగిలి మూడు దినములలో పోయిననాడు ఆ మాట ఎవరి నోటను వినబడదు. ఆనాడు దేవుడు మనలను ఎట్లు చూచినట్లు? అసలు చూచినట్లేనా? దేవుడు మంచివాడని ఆదివారమున గుడిలో పాడు క్రైస్తవుడు సోమవారమున శ్మశానమునుండి తిరిగి వచ్చునప్పుడు ఆ పాటను ఏమి చేసికొనవలెను? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

నేను క్రైస్తవుడను, బోధ చేయుట నా పని. కావున మా గ్రంథమునుండియు, మా సంఘముల చరిత్రమునుండియు మాటలాడెదను. అయినను కష్టము మతము అడిగి గడప దాటదు గనుక, తక్కిన పెద్దలకును వినదగినది ఇందు కొంత ఉండునని తలచుచున్నాను.

బైబిలులో యోబు గ్రంథమని ఒకటి కలదు. 42 అధ్యాయములు. కథ మీలో పలువురకు తెలిసినదే. ఊజు దేశమున యోబు అను సత్పురుషుడు ఉండెను. ఆయనకు 7,000 గొఱ్ఱెలు, 3,000 ఒంటెలు, 500 జతల యెద్దులు, 500 ఆడుగాడిదలు. ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. ఒక్క దినమున అంతయు పోయెను, బిడ్డలును పోయిరి. పిమ్మట అరికాలునుండి నడినెత్తి వరకు కురుపులు లేచి, ఆ భాగ్యవంతుడు బూడిదలో కూర్చుండి చిల్లపెంకుతో దేహము గోకికొనెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. కాని ఈ కష్టములన్నిటికిని ముందు సాతాను దేవుని సన్నిధిని వేసిన ఒక ప్రశ్న కలదు. దానిని మనము తొందరలో దాటిపోవుదుము. ఈ మనుష్యుని భక్తికి దినదినము కూలి ముట్టుచున్నది గదా, కూలి ఆపినచో భక్తి నిలుచునా అని ఆ ప్రశ్నకు తాత్పర్యము. అడిగినవాడు సాతానే యైనను ప్రశ్న మాత్రము గట్టిది. ఏ ఊరి కరణమును లెక్కలో ఇంత సూటిగా వ్రేలు పెట్టి అడుగలేడు. దేవుని మంచితనమును నమ్ముట యనగా మంచి దినములకు రసీదు వ్రాసియిచ్చుటయేనా, లేక అంతకు మించినది ఏదైన కలదా? ఆ గ్రంథమంతయు ఈ ప్రశ్న మీదనే నడచుచున్నది.

యోబును ఓదార్చుటకు ముగ్గురు స్నేహితులు వచ్చిరి. వారు ఆయన దుఃఖము మిక్కిలి అధికముగా నుండుట చూచి ఏడు పగళ్లును ఏడు రాత్రులును ఆయనతోకూడ నేలమీద కూర్చుండి ఒక్క మాటయైన పలుకలేదు. వారు చేసిన మంచిపని అంతయు ఆ యేడు దినములలోనే చేసిరి. ఎనిమిదవ దినమున నోళ్లు తెరచిరి. అది మొదలు ఒకడు తరువాత ఒకడు, నీవు రహస్యమున ఏదో పాపము చేసియుందువు, లేకున్న న్యాయవంతుడైన దేవుడు నిన్నిట్లు చేయడు అని వాదించిరి. యోబు ఒప్పుకొనలేదు. తాను పుట్టిన దినమును శపించెను. దేవుడు తన యెదుటికి వచ్చి వ్యాజ్యెము వినవలెనని పట్టుబట్టెను. చదువువారికి ఒడలు జలదరించునంత గట్టిగా మాటలాడెను. కడపట దేవుడే తీర్పు చెప్పెను. ఆ తీర్పు ఏమి? దేవుని పక్షమున వకాల్తా పుచ్చుకొని మాటలాడిన ఆ ముగ్గురును తప్పు పలికిరి; తనతో వాదించిన యోబు యుక్తముగా పలికెను అని. నేను ఈ గ్రంథమును ఎన్నిమారులు చదివినను ఈ చోట ఆగిపోవుదును.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెను. కొన్ని గడియలలో వేలకొలది ప్రజలు సముద్రము పాలైరి. అప్పటికి నేను పడుచువాడను. శవములను పూడ్చుటకును గంజి పంచుటకును పోయిన గుంపులలో నేనును ఉంటిని. ఒక పల్లెలో ఒక కూలివాడు తాటిచెట్టును కౌగిలించుకొని బ్రతికెను. అతని భార్యయు ముగ్గురు బిడ్డలును బ్రతుకలేదు. ఆ పల్లెకు పరామర్శకై వచ్చిన బోధకుడు ఒకడు, పేరు అనవసరము, పడిపోయిన గుడి గోడ ప్రక్కను నిలుచుండి ఇది ఈ సీమవారి పాపమునకు దేవుడు ముట్టజెప్పిన జీతమని ప్రసంగింప మొదలిడెను. అంతట సంఘపు పెద్ద, డెబ్బది యేండ్ల ముసలివాడు, లేచి చేతులు జోడించి, "అయ్యగారూ, మా పల్లెలో చనుబాలు త్రాగు బిడ్డలు కూడ పోయిరి. వారు చేసిన పాపము ఏదియో ముందు సెలవిచ్చి, పిమ్మట తక్కినది చెప్పుడు" అనెను. బోధకుడు ఆ పూట మరి మాటలాడలేదు.

ఆ ముసలిపెద్ద ఆ కూలివాని ప్రక్కను మూడు దినములు కూర్చుండెను. ఓదార్పు మాట ఒక్కటియు చెప్పినట్లు నేను వినలేదు. గంజి వచ్చినప్పుడు ముంత అతని చేతికి ఇచ్చుట, త్రాగువరకు ఎదురుగా నుండుట, ఇంతియే. ఆదివారమున మిగిలినవారు కూడి ప్రార్థన చేయునప్పుడు ఆ కూలివాడును లేచెను. "ప్రభువా, ఆ పూట నీవెక్కడ ఉంటివి?" అని అడిగి కూర్చుండెను. ప్రార్థన అంతియే. జనులు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. దానికి ఆమేన్ అని పలికినది ఆ ముసలిపెద్ద ఒక్కడే.

అది అవిశ్వాసము అని కొందరు అనిరి. నా తలంపు వేరు. మీరు పంచాయితీలు తీర్చినవారు గనుక మీకు తెలియును: న్యాయము చేయడని రూఢిగా తెలిసినవాని యెదుట ఎవడును అర్జీ పెట్టుకొనడు. దేవునితో మొరపెట్టుకొనువాడు ఆయన మంచివాడని ఇంకను నమ్ముచున్నాడు. నమ్మనివాడు మొర మానివేసి గోడవైపు తిరిగి పండుకొనును.

ఊరిలో ఆపద వచ్చినప్పుడు కారణము వెదకి ఎవనిమీదనో మోపు అలవాటు మన దేశమునదే కాదు. యేసు ప్రభువు కాలమున యెరూషలేములో సిలోయము అను చోట గోపురము కూలి 18 మంది చనిపోయిరి. వారు తక్కిన పురజనులకంటె ఎక్కువ పాపులా అని ప్రభువు తానే అడిగి, కారని తానే చెప్పెను. వినువారిని మాత్రము మీ బ్రతుకు మీరు దిద్దుకొనుడని హెచ్చరించెను. అనగా, ఒకని నెత్తిని పడిన రాతినుండి నేను నేర్చుకొనదగిన పాఠము నన్ను గూర్చినదే గాని ఆ చచ్చినవానిని గూర్చినది కాదు. పొరుగింటి కష్టమునకు పాపమును కారణముగా చెప్పువారు ఈ సంగతిని మరచుచున్నారు.

ఇక నయోమి కథ చెప్పెదను. రూతు గ్రంథము నాలుగే అధ్యాయములు. ఒక పూటలో మనుమనిచేత చదివించుకొని వినవచ్చును. పైరు కోత, కళ్లము, పరిగె, పొలము విడిపించుకొనుట, ఊరి గవిని యొద్ద పదిమంది పెద్దల యెదుట జరిగిన పరిష్కారము, ఇవియే అందలి సంగతులు. పల్లెటూరి వారికి బైబిలులో ఇంతకంటె దగ్గర చుట్టమైన గ్రంథము లేదని నా యభిప్రాయము.

బేత్లెహేము అను పేరునకు హెబ్రీ భాషలో రొట్టెల యిల్లు అని అర్థము. ఆ అన్నపు ఊరిలోనే కరువు వచ్చెను. ఎలీమెలెకు అను కాపు భార్యయగు నయోమిని, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మోయాబు దేశమునకు వలసపోయెను. పోయినవాడు తిరిగి రాలేదు. అక్కడనే మట్టి యయ్యెను. కుమారులు ఆ దేశపు పడుచులను పెండ్లాడిరి. పదియేండ్లు గడచునప్పటికి వారిద్దరును చనిపోయిరి. నయోమి ఒక కోడలిని వెంటబెట్టుకొని స్వగ్రామము చేరెను. ఊరి స్త్రీలు గుర్తుపట్టలేక ఈమె నయోమియేనా అని ఆశ్చర్యపడగా, నయోమి అనగా మధురమైనది గదా, ఇకమీదట నన్ను ఆ పేర పిలువవలదు, మారా అనుడు, అనగా చేదు అనుడు అని ఆమె బదులు చెప్పెను. నిండుగా పోయినదానను, దేవుడు నన్ను వట్టిచేతులతో తీసికొనివచ్చెనని బాహాటముగా అనెను.

ఇక్కడ గ్రంథకర్త చేసిన పని గమనింపుడు. ఆమెను మందలింపలేదు. భక్తురాలవై యుండి ఇట్లనవచ్చునా అని ఎవరినోటను అనిపింపలేదు. ఆమె మాట ముగియగానే, వారు ఊరు చేరునప్పటికి యవల కోత ఆరంభమైనదని మాత్రము వ్రాసి ఊరకుండెను. ఆమె ఏడ్చుచున్న వీధికి పది బారల దూరమున పొలములో కొడవలి ఆడుచున్నది. ఆమె కది కనబడలేదు. కన్నీరు నిండిన కంటికి కోత కనబడదు. అది తప్పును కాదు.

మరునాడు కోడలు రూతు పరిగె ఏరుకొనుటకు బయలుదేరెను. ఇశ్రాయేలు ధర్మశాస్త్రములో ఒక కట్టడ కలదు: పొలము కోయు ఆసామి గట్టు అంచుల దాక కోయరాదు, రాలిన వెన్నులను తిరిగి ఏరుకొనరాదు, మరచిపోయిన పనకై వెనుకకు పోరాదు, అవి బీదలకును, పరదేశికిని, విధవరాలికిని చెందినవి. మన ఊళ్లలో పరిగె విడుచు మర్యాద ఎరిగినవారికి ఇది వివరింప నక్కరలేదు. రూతు పోయిన పొలము బోయజు అను ఆసామిది. ఆయన కట్టడ తప్పనివాడు. కట్టడకు మించి, కొన్ని పిడికిళ్లు కావలెననియే జారవిడువుడని కూలివాండ్రకు చెప్పినవాడు. ఆ సాయంకాలము రూతు తూమెడు యవలు ఇంటికి తెచ్చెను. ఆ గింజలను చూచిన పిమ్మటనే నయోమి నోట దేవుని స్తుతి మరల వచ్చెను.

ఈ నాలుగు అధ్యాయములలో దేవుడు ఒక్కసారియైన నోరు తెరచి మాటలాడలేదు. ఆకాశమునుండి మన్నా కురియలేదు. ఎండిన రాయి నీరు కక్కలేదు. దేవుని మంచితనము ఆ ఇంటికి వచ్చినది ఒక శాస్త్రము మూలముగా, దానిని పాటించిన ఒక ఆసామి మూలముగా, నడుము వంచిన ఒక కోడలి మూలముగా. కనుక నేనొక కఠినమైన మాట అనక తప్పదు. గట్టు దాక గీరికొని కోసికొని, రాలిన వెన్నును కూడ ఏరుకొని పోవువాడు, ఆ ఊరి విధవరాలితో దేవుడు మంచివాడమ్మా, ఓర్చుకొనుము అని చెప్పుటకు పనికిరాడు.

క్రైస్తవుని నమ్మికకు వీటన్నిటి అడుగున మరియొక రాయి కలదు. సిలువమీద నున్న క్రీస్తు, తన్ను దేవుడు ఏల విడిచెనని పెద్ద కేక వేసెను. అది 22వ కీర్తన మొదటి మాట. చిన్ననాట నేర్చుకొన్నదే అయియుండును. మత్తయియు మార్కును దానిని ఆయన పలికిన ఆ దేశపు భాషలోనే మార్పక వ్రాసి ఉంచిరి. తమ గురువు నోట వెలువడిన అట్టి మాటను శిష్యులు సాధారణముగా కప్పిపుచ్చుదురు. వీరు కప్పలేదు. కష్టమునకు హేతువు ఇది యని మాకు ఎవరును వ్రాసియియ్యలేదు గాని, ఆ దివిసీమ కూలివాడు అడిగిన ప్రశ్నను దేవుని కుమారుడును అడిగెనని మాత్రము వ్రాసియున్నది. ఆ చీకటిలోను తండ్రి ఉండెననియు, మూడవ దినమున అది తేటపడెననియు మా విశ్వాసము. దీనిని నేను వాదించి స్థాపింపజాలను. నమ్మినవారు ఏమి చేసిరో మాత్రము చెప్పగలను.

అందుకు మన తెలుగుదేశమునే చూతము. 1876వ సంవత్సరము మనవారి లెక్కలో ధాత. ధాత యనగా లోకమును పోషించువాడు. ఆ పేరు పెట్టుకొని వచ్చిన యేట వాన పడలేదు. మరుసటి యేడు ఈశ్వర. అదియు సరిపడ కురియలేదు. ధాత కరువని ముసలివారు చెప్పుకొన్నది ఇదియే. దక్షిణదేశములోను దక్కనులోను దానివలన చనిపోయినవారు 50 లక్షలకు తక్కువ కాదని చరిత్రకారులు లెక్కగట్టిరి. వాన కురియకపోవుట మనుష్యుని చేతిలోనిది కాదు. కాని ఆ యేండ్లలోనే ఈ దేశపు ధాన్యము ఓడలమీద సీమకు పోవుచుండెను. కరువు పనులలో మగ కూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని 1877లో పెద్ద దొరలు నిర్ణయించిరి. అది ప్రాణము నిలుపుటకు చాలదని మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ దొర తెగబడి వ్రాసెను. దేవుడు ఏల ఇట్లు చేసెనని అడుగుటకు ముందు, ఇందులో మనుష్యుడు చేసినది ఎంతయో విడదీసి చూచుట మంచిది. దేవునిమీద మోపిన నేరములలో చాల భాగము మన దస్తూరీతోనే యుండును.

ఒంగోలు ప్రాంతమున అమెరికా బాప్తిస్టు మిషనువారి సంఘము అప్పటికి చిగిర్చుచున్నది. దానికి ముందు కథ కొంత కలదు. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీన తెల్లవారకముందు ఐదుగురు ఒంగోలు కొండ యెక్కి మోకరించిరి: జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు. అప్పటికి నెల్లూరిలో ఈ మిషను ఫలము వ్రేళ్లమీద లెక్కింపదగినది. దీనిని మూసివేయుదమా అని అమెరికాలో పెద్దలు తర్కించుచున్న కాలము. ఒంగోలుకు ఒక బోధకుని పంపుమని ఆ ఐదుగురు ప్రార్థించిరి. జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురమున్నది 1866లో. పండ్రెండేండ్లు పట్టెను. ఆ కొండకు నేటికిని ప్రార్థన కొండ యనియే పేరు.

క్లౌ దొర బోధ విన్నవారిలో మిక్కిలి భాగము మాదిగలు. ఊరికి వెలుపల ఉంచబడినవారు. మోటలకు తోలు కుట్టి, రైతులకు చెప్పులు చేసి, కళ్లము నొద్ద మేర పుచ్చుకొని బ్రతుకువారు. పంట పండనియేడు రైతు గాదె అడుగంటును. మేర తినువాని ఇంట అడుగంటుటకు గాదెయే లేదు. కరువు పనులకు పోయినచో అక్కడి పై ఉద్యోగస్థులు వారిని దూరముగా నెట్టివేయుచుండిరి. క్లౌ దొర పూర్వాశ్రమమున అమెరికాలో భూములు కొలుచు సర్వేయరు. ఆనాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేర మనకు తెలిసిన కాలువ అప్పుడు త్రవ్వబడుచుండెను. దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని, తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపి, వేలకొలది జనమును పనిలోనికి తీసికొనెను. గొలుసు లాగుట మరచిపోని బోధకుడు ఉండుట ఆ సీమకు మేలయ్యెను.

ఆకలితో వచ్చినవారికి మట్టి త్రవ్వు బలము ఎక్కడిది? తట్ట ఎత్తినవాడు తట్టతోనే కూలినదినములు కలవు. కలరా వచ్చెను. వచ్చినవారందరును బ్రతుకలేదు. పని ఆగిన విరామములలో బోధకులు వారి నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని తన యొద్దకు రమ్మని క్రీస్తు పిలిచిన పిలుపును మరల మరల వినిపించుచుండిరి. గుడిలో కుర్చీమీద కూర్చుండి ఆ పిలుపు వినుట వేరు. నెత్తిమీదినుండి మట్టితట్ట అప్పుడే దించి వినుట వేరు.

ఇప్పుడు యోబు గ్రంథములోని ఆ పాత ప్రశ్న ఒంగోలునకు వచ్చినది. ఈ జనులు నమ్మునది దేవునినా, కూలినా? బియ్యపు క్రైస్తవులని ఎగతాళి చేయువారు ఆనాడును కలరు, ఈనాడును కలరు. క్లౌ దొరకును ఆ శంక కలుగకపోలేదు. కావున ఆయన ఒక గట్టిపని చేసెను. కరువున్నంత కాలము, ఏడాదికి పైగా, ఎవరు ఎంత వేడుకొన్నను బాప్తిస్మము ఇయ్యలేదు. అన్నము పెట్టెను, పేరు వ్రాసికొనలేదు. నా మట్టుకు నేను ఆయన చేసిన పనులలో కాలువకంటెను ఇది గొప్పదని యెంచెదను. ఆకలిగొన్నవానికి పెట్టు గంజికి ఏ మతపు ముద్రయు వేయరాదని ఆయన ఆచరణలో చూపెను.

1878వ సంవత్సరమున కరువు తగ్గుముఖము పట్టినది. కాలువ పని ముగిసినది. ఇంక సహాయము లేదు, ఊళ్లకు పొండని క్లౌ దొర చెప్పి పంపెను. జనులు పోలేదు. మాకు డబ్బు అక్కరలేదు, బాప్తిస్మము కావలెనని నిలుచుండిరి. బొబ్బలెక్కిన అరచేతులు చాచి, కష్టపడి తిన్నవారమే గాని ఊరక తిన్నవారము కామని చూపిరి. వచ్చు పంటయు పోయినచో మేము చత్తుము, చచ్చినను క్రైస్తవులమై చత్తుమని వారు చెప్పిన మాట వ్రాతలో నిలిచియున్నది. పంట వచ్చునని వారు అనలేదు. దేవుడు ఈసారి తప్పక వాన కురిపించునని పందెము వేయలేదు. పంటకును నమ్మికకును నడుమనున్న ముడిని వారే తెంచివేసిరి. సాతాను ప్రశ్నకు ఇంతకంటె సూటియైన జవాబు వేదాంతులు వ్రాసిన పుస్తకములలో నేను చూడలేదు.

ఆ వేలమందిలో ప్రతి హృదయమును నిర్మలమని నేను ప్రమాణము చేయను. కొందరు మందతోకూడ వచ్చియుందురు; కొందరు ఊరివారి కాలిక్రిందినుండి లేచి నిలువబడు త్రోవ దొరికినదని వచ్చియుందురు. అది మాత్రము తక్కువ కోరికయా? మనుష్యుని మనస్సును త్రాసులో పెట్టి తూచు పని మనది కాదు.

ఒంగోలునకు ఉత్తరముగా, గుంటూరు బాటలో, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి అను గ్రామము కలదు. అక్కడ జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములకు 3,536. ఆ సంవత్సరాంతమునకు మొత్తము 9,606 అయ్యెను. నడిమి దినమున ఉదయము కొంతసేపును, ఎండ తగ్గిన పిమ్మట కొంతసేపును, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొని ఏటిలో నిలుచుండి ఆ పని జరిపిరి. దొర గట్టుమీదనే ఉండెను. ఆ దినమున ఆయన ఒక్కనికైనను బాప్తిస్మము ఇయ్యలేదు.

తడిబట్టలతో ఒడ్డెక్కి తమ పల్లెలకు నడచిపోయిన ఆ జనులలో ఎవని ఇంటను గింజ నిండుగా లేదు. కొందరు రెండేండ్లలో ఇంటిల్లిపాదిని పూడ్చుకొన్నవారు. ఆ యేటి పేరు బహుధాన్య. పేరునకు తగినట్లు పండునో, లేక ధాతవలెనే మోసపుచ్చునో జూలై నెలలో ఎవరికి తెలియును? తెలియకయే వారు నీటిలోనికి దిగిరి.